కలగూరగంపలోంచి తీసిన సూపు: బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీ, దానిలోని వింత పేర్లు

మా మేనమామ 2007 నుంచి 2013 దాకా రాసిన తెలుగు బ్లాగును చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని ఇంట్లో అనుకున్నప్పుడు, పేజీల్లోంచి వ్యాసాలను మాత్రమే ఏరి తెచ్చే పని నా మీద పడింది. మొత్తం 214 పేజీలు. ప్రతి పేజీలోనూ వ్యాసం చుట్టూ పక్కపట్టీలు, గడియారాలు, సందర్శకుల లెక్కలు, ఎప్పుడో మూతపడిన సైట్లకు దారి చూపే బొత్తాములు ఉన్నాయి. చేత్తో కాపీ చేస్తూ కూర్చుంటే నెల పట్టేటట్టు ఉండటంతో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇలాంటి పనికి చాలామంది వాడే బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీని, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్‌ను, ఆశ్రయించాను. లియొనార్డ్ రిచర్డ్‌సన్ 2004లో దీన్ని మొదటిసారి విడుదల చేశారు. ఎమ్ఐటీ లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఈ సమీక్షలో పనితీరుతో పాటు పేర్లను కూడా బేరీజు వేస్తున్నాను, ఎందుకంటే ఈ లైబ్రరీలో పేరు తెలిస్తే సగం మాన్యువల్ చదివినట్టే, మరోవైపు నాకు ఎదురైన మొదటి చిక్కు కూడా పేరు దగ్గరే వచ్చింది.

వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో పేజీ భాగాలకు పెట్టే గుర్తులను ట్యాగులంటారు. చాలా ట్యాగులను తెరిస్తే మూయాలి, మూసేటప్పుడు వరుస తప్పకూడదు. ఆ నియమాన్ని గాలికి వదిలేసిన పేజీలను సైతం బ్రౌజర్లు ఎలాగోలా సర్దుకుని చూపించేయడం వల్ల, సగం మూసిన ట్యాగులు, అడ్డదిడ్డంగా అల్లుకున్న ట్యాగులు వెబ్ నిండా పేరుకుపోయాయి. అలాంటి పేజీని ఈ రంగంలో ట్యాగ్ సూప్ అంటారు, మన వాడుకలో చెప్పాలంటే అది ట్యాగుల కలగూరగంప. దాన్ని చూసి ముక్కు మూసుకోకుండా అందమైన సూపు అని ముద్దుగా పిలవడంలోనే ఈ లైబ్రరీ వైఖరి తెలిసిపోతుంది. పైగా ఆ మాట లూయిస్ కారొల్ 1865లో ప్రచురించిన ఆలిస్ కథలోది. మాక్ టర్టిల్ అనే పాత్ర కన్నీళ్లు పెట్టుకుంటూ సూపును కీర్తించే పాట ఒకటి అందులో ఉంది. ఆ పాత్రే ఒక వంటింటి పరిహాసం. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఖరీదైన తాబేలు సూపుకు బదులుగా దూడ తలకాయతో వండే చవక సూపును మాక్ టర్టిల్ సూప్ అనేవారు, అంటే దొంగ తాబేలు సూపు. కారొల్ అటు నుంచి నరుక్కొచ్చి, దొంగ తాబేలు అనే జంతువు నిజంగానే ఉన్నట్టు కల్పించాడు. లైబ్రరీ పాత విడుదలలకు ఆ పాటలోని పంక్తులనే మారుపేర్లుగా పెట్టారు, మాన్యువల్‌లో అడుగడుగునా వాడే ఉదాహరణ పేజీ సైతం అదే కథలోని ముగ్గురు అక్కచెల్లెళ్ల ముచ్చటే. నూతి అడుగున కాపురమున్న ఆ ముగ్గురి పేర్లను పేజీలోంచి ఏరడం నేర్చుకున్నవారికి ఈ లైబ్రరీ దాదాపుగా వచ్చేసినట్టే.

ఒక పరిహాసం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది, దాని మీద ఇంకెన్ని మాటలు పేర్చగలమన్న దాన్ని బట్టి ఉంటుందని నా అభిప్రాయం. ఇక్కడ పేర్చగలిగారు. విప్పిన పేజీని దాచుకునే చరరాశికి సూప్ అని పేరు పెట్టడం మాన్యువల్ నేర్పిన అలవాటు, అందువల్ల నా కోడ్‌లో కూడా ‘సూప్.ఫైండ్_ఆల్’ అంటే ‘సూపులో ఉన్నవన్నీ వెతుకు’ అని చదువుకోవచ్చు. పేజీ మొత్తం అక్కరలేదు, లంకెలు మాత్రం చాలు అనుకున్నప్పుడు వాడే తరగతి (క్లాస్) పేరు సూప్‌స్ట్రెయినర్, అంటే వడగట్టే జాలి. సీఎస్ఎస్ సెలెక్టర్లతో, అంటే ఏ ట్యాగులు కావాలో చెప్పే సూత్రాలతో, వెతికే పనిని 4.7 వెర్షన్ నుంచి వేరొకరు రాసిన సూప్ సీవ్ అనే లైబ్రరీ చేస్తోంది, సీవ్ అంటే జల్లెడ. సూపును వడగడతారు గాని జల్లించరు కదా అని మా అమ్మ లాంటివారు అభ్యంతరం చెబుతారేమో గాని, మొదటిసారి చూసినప్పుడు నాకు జాలికి, జల్లెడకు అర్థం అడగవలసిన అవసరం రాలేదు.

దగ్గరగా చూపించడానికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. ‘ఎ’ అనే ట్యాగును తెరిచి, దాన్ని మూయకుండా, అసలు తెరవని ‘పి’ అనే ట్యాగును మూసిన ముక్కను ఈ లైబ్రరీకి ఇవ్వండి. బ్యూటిఫుల్ సూప్ స్వయంగా వండదు, పేజీని విప్పి చదివే పార్సర్ అనే వంటవాణ్ణి మనమే ఎంచుకోవాలి. పైథాన్‌తో పాటే వచ్చే హెచ్‌టీఎంఎల్ పార్సర్‌కు ఇస్తే, దిక్కులేని ‘పి’ని పారేసి, ‘ఎ’ను మూసి ఊరుకుంటుంది. ఎల్ఎక్స్ఎమ్ఎల్ అనే మరో పార్సర్‌కు ఇస్తే అదీ ‘పి’ని పారేస్తుంది గాని, చుట్టూ హెచ్‌టీఎంఎల్, బాడీ ట్యాగులను తానే కట్టిపెడుతుంది. హెచ్‌టీఎంఎల్5లిబ్ మాత్రం బ్రౌజరు చేసే విధంగానే ఖాళీ ‘పి’ని ఒకదాన్ని తెరిచి మూసి, ఎవరూ అడగని హెడ్ ట్యాగును కూడా కలిపి, నిండు పేజీని తయారు చేస్తుంది. ఒకే కూరగాయలతో ముగ్గురు మూడు రకాలుగా వండుతారన్న మాట. పార్సర్ పేరును స్పష్టంగా రాయకపోతే, ఆ కంప్యూటర్‌లో ఏది దొరికితే దానితో వండేస్తుంది కాబట్టి, నా ల్యాప్‌టాప్‌లో కుదిరిన వంట వేరొక యంత్రంలో మాడిపోవచ్చు. లైబ్రరీ ఈ విషయం మీద హెచ్చరిక ఇస్తుంది, ఆ హెచ్చరికను తీసివేయకుండా పార్సర్ పేరు రాయడం మేలు.

పేర్ల విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇప్పుడు వాడుకలో లేని 3వ వెర్షన్ కోడ్‌లో ఉంది. అందులో హెచ్‌టీఎంఎల్‌ను పోలిన ఎక్స్ఎమ్ఎల్ భాషను విప్పే తరగతికి బ్యూటిఫుల్ స్టోన్ సూప్ అని పేరు. ఐరోపా జానపద కథలో ఆకలిగొన్న బాటసారి ఒకడు ఉత్త రాయిని నీళ్లలో వేసి ఉడకబెడుతూ, ఇంకాస్త ఉప్పు ఉంటే, నాలుగు కూరముక్కలు ఉంటే రుచి అదిరిపోతుందని ఊరివాళ్లను ఊరించి, వాళ్ల చేతే అన్నీ వేయించుకుని నిజమైన సూపు తాగుతాడు. ఆ వెర్షన్‌లో స్టోన్ సూప్ అనేది మూలతరగతి. దానికి ఏ ట్యాగు సంగతీ తెలియదు, ఉత్త రాయి. దాని మీద హెచ్‌టీఎంఎల్ గురించిన జ్ఞానాన్ని ఒక్కొక్కటిగా వేస్తే బ్యూటిఫుల్ సూప్ తరగతి తయారవుతుంది. వారసత్వం అన్న ప్రోగ్రామింగ్ భావనను ఇంతకంటే చక్కగా చెప్పిన పాఠ్యపుస్తకం నా చేతికి రాలేదు. ఒకే ట్యాగు తనలో తాను దూరిన వింత పేజీలను చదవడానికి ఉన్న మరో తరగతికి, అమెరికాలో వెన్నకు బదులు వాడే ఒక కృత్రిమ పదార్థపు వ్యాపారనామాన్ని అనుకరిస్తూ, ‘ఇది బ్యూటిఫుల్ సూపంటే నమ్మలేకున్నాను’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

సహజంగానే ఈ పేర్లు కొందరికి మింగుడు పడలేదు. పెద్ద కంపెనీల్లో వాడటానికి ఇవి మరీ వెకిలిగా ఉన్నాయని కొందరు అనుకుంటున్నట్టు తమ దృష్టికి వచ్చిందని, వారి బాధ తమకు అర్థమైందని ఆ 3వ వెర్షన్ ఫైలులోనే ఒక వ్యాఖ్య ఉంటుంది. ఆ మాట చెబుతున్నది ఎవరయ్యా అంటే, బ్యూటిఫుల్ సూప్ సమాఖ్య మరియు రాత్రంతా తెరిచి ఉండే కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) బేకరీ అట. అలాంటి పెద్దమనుషులు ఫైలు పేరును రోబస్ట్ పార్సర్ అని మార్చుకోవచ్చని, వ్యాపార గాంభీర్యం మరీ ముదిరితే రోబస్ట్ పార్సర్ బీన్ ఇంటర్‌ఫేస్ అని పెట్టుకోవచ్చని సలహా ఇచ్చి, ఆ కింద ప్రతి తరగతికీ కార్యాలయాలకు తగిన ప్రత్యామ్నాయ నామాలు నిజంగానే పనిచేసే కోడ్‌గా రాసి పెట్టారు. రోబస్ట్ ఎక్స్ఎమ్ఎల్ పార్సర్ అన్న మొదటి పేరు మర్యాదగానే ఉంటుంది గాని, కిందికి దిగే కొద్దీ ఆ గంభీరమైన పేర్ల మధ్యలో వీధి తిట్లు దూరుతాయి. ఫిర్యాదు చేసినవారికి కావలసింది ఇచ్చినట్టే ఇచ్చి, ఇవ్వకుండా పోవడం అంటే ఇదే. నేను దీన్ని తిట్టుకు బదులు తిట్టుగా చూడను. జావా అనే ప్రోగ్రామింగ్ భాష ప్రపంచంలో ఆ రోజుల్లో నాలుగైదు బరువైన నామవాచకాలను గొలుసు కట్టి తరగతులకు పెట్టే అలవాటుకు ఇది అద్దం పట్టింది. బరువైన పేరు ఏ పనీ చెప్పకుండా గాంభీర్యాన్ని మాత్రం చెబుతుంది, రాయి అన్న పేరు తన పనేదో చెబుతుంది.

ఈ సంగతి నాకు బాగా తెలియడానికి ఒక కారణం ఉంది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో భద్రతా తనిఖీ కోసం, వాడుతున్న లైబ్రరీలన్నిటి జాబితాను బిగ్గరగా చదవవలసి వచ్చింది. నేను బ్యూటిఫుల్ సూప్ దగ్గరకు వచ్చేసరికి తనిఖీకి వచ్చినాయన కలం ఆపి, ‘ఏమండీ, అసలు పేరు చెప్పండి, మీరు ముద్దుగా పిలుచుకునేది కాదు’ అన్నారు. అసలు పేరు అదేనని నమ్మించడానికి మాన్యువల్ తెరిచి చూపించవలసి వచ్చింది. తెరిచిన చోటే యూనికోడ్ డామిట్ అన్న శీర్షిక కనబడింది.

తెలుగువారికి ఈ లైబ్రరీలో అన్నిటికంటే అవసరమైన భాగం ఆ యూనికోడ్ డామిట్. పేజీలోని బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను అంకెలుగా దాచే ఏ పద్ధతిలో, ఉన్నాయో ఊహించి, వాటిని యూనికోడ్‌గా మార్చడం దాని పని. కొరకరాని పేజీని పట్టుకుని అర్ధరాత్రి కూర్చున్నవాడి నోటి నుంచి వచ్చే విసుగునే దానికి పేరుగా పెట్టారు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది, వాటిలో మొదటి బైటు అన్ని తెలుగు అక్షరాలకూ ఒకటే, రెండోదానికి రెండే విలువలు. అందుకే తెలుగు పేజీని పొరపాటున పశ్చిమ ఐరోపా భాషల పాత ఎన్‌కోడింగ్ అయిన విండోస్-1252గా చదివితే, నెత్తిన ఏటవాలు గీత పెట్టుకున్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో కూడిక-తీసివేత గుర్తో, ఆపై ఇంకేదో గుర్తు, మళ్లీ అదే ‘ఎ’, మళ్లీ అదే గుర్తు, పేజీ పొడుగునా చీమలబారులా కనిపిస్తాయి. మామయ్య బ్లాగులో 60 పేజీల దాకా ఇంకా వింతగా ఉన్నాయి: ఆయన రాసిన తెలుగు యూటీఎఫ్-8లోనే ఉంది, ఎవరి దగ్గరో తెచ్చి అతికించుకున్న పేజీ మూసలోని వంకర కొటేషన్ గుర్తులు మాత్రం విండోస్-1252లో ఉన్నాయి. ఒకే కుండలో రెండు వంటలు. ఒక ఎన్‌కోడింగ్‌ను నమ్మితే రెండోది చెడుతుంది. దీనికోసమే యూనికోడ్ డామిట్‌లో డీట్వింగిల్ అనే విధి (ఫంక్షన్) ఉంది. ఏ నిఘంటువులోనూ దొరకని ఆ మాటకు చిక్కు విప్పడం అన్న ధ్వని మాత్రం వినబడుతుంది. పేజీని సూపుగా మార్చకముందే బైట్లను దీనికి ఇవ్వాలి, తరువాత ఇస్తే ఫలితం ఉండదు. ఆ 60 పేజీలూ ఒక్క వాక్యంతో చక్కబడ్డాయి.

చక్కబడనివి మరో 11 మిగిలాయి. మామయ్య తొలి రోజుల్లో, ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే యూనికోడ్ తెలుగు వచ్చే లేఖిని లాంటి పరికరాలు ఆయనకు పరిచయం కాకముందు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను గీసి పెట్టిన పాత ఫాంటుతో టైపు చేశారు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగు, లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లీషు. ఇక్కడ యూనికోడ్ డామిట్ తప్పు చేయదు, సాయమూ చేయదు. ఆ బైట్లు నిజంగానే ఇంగ్లీషు అక్షరాలు కాబట్టి వాటిని అలాగే భద్రంగా చేతిలో పెడుతుంది. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో ఈ పాత ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించిన పద్మ అనే అనుబంధం లాంటిది కావాలి, అంటే ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక ఉండాలి. నేను ఆ పట్టికను చేత్తో తయారు చేసుకున్నాను. ఆ రెండు రాత్రులూ డామిట్ అన్న మాట ఎంత సబబైన పేరో తెలిసివచ్చింది.

పేర్ల వల్ల జరిగే నష్టం కూడా చెప్పాలి. లైబ్రరీని స్థాపించుకునేటప్పుడు రాయవలసిన పేరు బ్యూటిఫుల్‌సూప్4, కోడ్‌లో పిలిచేటప్పుడు రాయవలసిన పేరు బీఎస్4, ఆ మాడ్యూల్‌లోంచి తెచ్చుకోవలసిన తరగతి పేరు అంకె లేని బ్యూటిఫుల్‌సూప్. ఒకే మనిషికి రేషను కార్డులో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్నట్టు. అంకె లేకుండా స్థాపించమని అడిగితే పాత 3వ వెర్షన్ వస్తుంది, అది పైథాన్ 3 మీద నడవదు. నేను చేసిన మొదటి తప్పు ఇదే, నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు చేసిన మొదటి తప్పు కూడా ఇదే. బీఎస్4 అన్న పేరుతో ఉన్న ప్యాకేజీ ఒట్టి డొల్ల. వేరెవరైనా ఆ పేరును ఆక్రమించి దొంగ సరుకు పెట్టకుండా అసలు రచయితే దాన్ని తన పేరున అట్టేపెట్టుకున్నారు. జనం నోట్లో నలిగే పేర్లను పోలిన పేర్లతో హానికరమైన ప్యాకేజీలను ఎక్కించడం నిజంగా జరిగే మోసం కాబట్టి ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గది. అయినా 2012లో 4వ వెర్షన్ తెచ్చినప్పుడు ఈ మూడు పేర్లను ఒకటిగా కలిపి ఉంటే బాగుండేది. పాటలోంచి తీసిన అందమైన పేరును చివరికి బీఎస్ అని కుదించడం నాకు నచ్చలేదు, ఇంగ్లీషులో ఆ రెండక్షరాలకు ఉన్న మోటు అర్థాన్ని తలచుకుంటే అది కూడా కావాలనే చేశారేమో అన్న అనుమానం పోదు.

ఈ అలవాటు ఈ ఒక్క లైబ్రరీది కాదు. పైథాన్ అన్న పేరే పాము నుంచి రాలేదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం నుంచి వచ్చింది. ప్యాకేజీల భాండాగారాన్ని ఒకప్పుడు చీజ్ షాప్ అనేవారు, ఒక్క ముక్క కూడా చీజ్ దొరకని చీజ్ దుకాణం మీద ఆ బృందం ప్రదర్శించిన హాస్యఘట్టం పేరది. పిప్ అంటే ‘పిప్ ఇన్‌స్టాల్స్ ప్యాకేజెస్’, తన విస్తరణలో మళ్లీ తానే ఉండే పేరు. పేజీలను విప్పే ఇరుగుపొరుగు పరికరాల్లో రూబీ భాషకు చెందిన నోకోగిరి ఉంది, జపాన్ భాషలో రంపం. పత్రాన్ని చెట్టుగా భావించే రంగంలో రంపానికి పని ఉంటుంది. గూగుల్ 2013లో సీ భాషలో విడుదల చేసిన పార్సర్ పేరు గంబో, అది అమెరికాలోని లూసియానా ప్రాంతపు చిక్కటి పులుసు, కాబట్టి సూపు వంశం అక్కడా కొనసాగింది. ఆ రెండిటినీ కలిపిన లైబ్రరీకి నోకోగంబో అని పేరు పెట్టినప్పుడు రంపంతో పులుసు కోసినట్టయింది, ఆ పరిహాసం నాకు అతకలేదు. మనవాళ్లు మాత్రం పేర్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారు: పోతన, వేమన, పెద్దన, తిమ్మన, ధూర్జటి అని తెలుగు ఫాంట్లకు కవుల పేర్లు పెట్టుకున్నాం. తెనాలి రామకృష్ణ పేరున కూడా ఒక ఫాంటు ఉంది గాని, ఆ వికటకవి పేరు పెట్టుకుని ఏ అల్లరీ చేయకుండా బుద్ధిగా కూర్చుంది.

పరికరంగా దీని పరిమితులు తెలిసినవే. వేగం తక్కువ, తాను ఆధారపడే పార్సర్ల కంటే వేగంగా ఎన్నటికీ ఉండబోనని మాన్యువలే ఒప్పుకుంటుంది. లక్షల పేజీలు ఉన్నవారు నేరుగా ఎల్ఎక్స్ఎమ్ఎల్ వాడుకోవడం మంచిది, నా 214 పేజీలకు మాత్రం టీ తాగి వచ్చేలోగా పని అయిపోయింది. ఇది వెబ్ నుంచి పేజీని తీసుకురాదు, జావాస్క్రిప్ట్‌ను నడపదు. పేజీ ఇవ్వవలసిన చోట పేజీ చిరునామా ఇస్తే, మీరు ఇచ్చింది పత్రంలా లేదు, చిరునామాలా ఉంది అని చెప్పే చాంతాడంత పేరున్న హెచ్చరిక ఒకటి వస్తుంది. రచయిత పేరులో హాస్యాన్ని పూర్తిగా వదులుకున్న చోటు బహుశా అదొక్కటే, అక్కడ అదే సరైనది, ఎందుకంటే తప్పు చేసినవాడికి ఆ క్షణంలో నవ్వు రాదు.

నా విషయంలో ఆ హెచ్చరిక రాని చోటే దెబ్బ తగిలింది. అక్కరలేని ట్యాగులను తీసివేయడానికి ఇందులో రెండు మార్గాలున్నాయి. ఎక్స్‌ట్రాక్ట్ అంటే గరిటెతో తీసి పక్కన గిన్నెలో పెట్టడం, డీకంపోజ్ అంటే తీసి పారేయడం, మళ్లీ దొరకదు. ఆ రెండో మాటకు ఇంగ్లీషులో కుళ్లిపోవడమన్న అర్థం ఉన్నా, నేను దాన్ని సాధారణ సాంకేతిక పదంగానే చదివి, పక్కపట్టీలతో పాటు వ్యాసాల కింద ఉన్న వ్యాఖ్యలను కూడా డీకంపోజ్ చేసి, శుభ్రమైన వ్యాసాలను అచ్చు తీసి మామయ్యకు పంపాను. మర్నాడు ఉదయమే ఫోన్ వచ్చింది.

‘ఏరా, వ్యాసాలు బాగానే ఉన్నాయి గాని, కింద జనం రాసినవన్నీ ఏవి?’

‘వడగట్టేశాను మామయ్యా, పుస్తకానికి అవసరం లేదనుకున్నాను.’

‘నేను రాసింది అందులో సగమేరా. మిగతా సగం వాళ్లు నన్ను తిడుతూ రాసింది.’

మూల పేజీలు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి కాబట్టి, డీకంపోజ్ ఉన్న చోటల్లా ఎక్స్‌ట్రాక్ట్ అని మార్చి మళ్లీ నడిపాను. వ్యాసాల కంటే వ్యాఖ్యలే ఎక్కువ పేజీలు వచ్చాయి.